తడిక మూయనివ్వని కుక్క

ఆ ఉదయం మబ్బు పట్టింది గానీ, అది వాన కురిసే మబ్బు కాదు. తూర్పున ఒకచోట పలచబడి, పాలిపోయిన వెలుతురు గొర్రెల దొడ్డి మీద పడుతోంది. దొడ్డి వాకిలికి అడ్డంగా కాపలా కుక్క మొండయ్య పడుకునే ఉంది.

మంద కుక్కల్లో ఆ జాతి వేరు. పిలిస్తే రాదు. కర్ర చూపిస్తే మొహం తిప్పుకుంటుంది. కళ్ళు తెరవని కూనగా గొర్రెల మధ్య వదిలితే, పెద్దయ్యాక మనిషి మాట కన్నా మంద లెక్కే దానికి ముఖ్యం. సాయంత్రం మంద లోపలికి చేరాక చుట్టూ తిరిగి చూస్తుంది. అన్నీ వచ్చాయనిపిస్తే వాకిలి వదులుతుంది. ఒక్కటి తగ్గినా అక్కడే పడుకుని తడిక మూయనివ్వదు. మంద కాసే అన్నదమ్ములిద్దరూ దాన్ని తిట్టుకుంటూనే లాంతరు పట్టుకుని వెళ్ళేవాళ్ళు. కాలవలో జారిన గొర్రెనో, తుప్పల్లో చిక్కిన పిల్లనో భుజాన వేసుకుని వచ్చేవాళ్ళు. ఇన్నేళ్ళలో వాళ్ళ మందలో ఒక్కటీ నక్కల పాలు కాలేదు.

అన్నదమ్ములు విడిపోయి మంద పంచుకున్నాక చిక్కొచ్చింది. కుక్క అన్న వంతుకు వచ్చింది. దాన్ని కట్టేసి ఉంచి, తమ్ముడు తన సగాన్ని ఊరవతలి పాకకు తోలుకుపోయాడు. కట్టు విప్పిన సాయంత్రం నుంచి అది వాకిలి వదల్లేదు, తిండి ముట్టలేదు. ఈడ్చి కట్టేస్తే తాడు కొరుక్కుని వచ్చేది.

"ఒక్క పూట ఆ మందను ఇటు తోలమని మీ తమ్ముణ్ణి అడిగితే నీ సొమ్మేం పోతుందయ్యా?" అంది అన్న భార్య. "అన్నీ కళ్ళబడితే లేచి తింటాడు వీడు."

"విడిపోదామన్నది వాడు. వాడే రానీ."

"మొండయ్య అన్న పేరు దానికెందుకు పెట్టారో. ఇంట్లో ఇంకొకరికి అతికినట్టు సరిపోయేది."

రోజులు గడిచాయి. కుక్క డొక్కలు లోపలికి పోయాయి. ఆ ఉదయం పాలు మూతికి పూసినా నాక్కోలేదు. అప్పుడు అన్న తువ్వాలు భుజాన వేసుకుని తమ్ముడి పాకకు బయల్దేరాడు.

పాక ముందు నేలంతా గిట్టల గుర్తులు. తమ్ముడు ఖాళీ నీళ్ళతొట్టిని బోర్లిస్తున్నాడు.

"మంద మేతకు పోయిందేంట్రా?"

"తెల్లారగట్ల బేరగాడు లారీకి ఎక్కించుకుపోయాడు అన్నా."

"అన్నీనా?"

"అన్నీ. పగలు మేపి రాత్రి కాయడానికి నేను మనిషినా, కుక్కనా?"

అన్న తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాడు. "మొండయ్య తినడం లేదురా. ఒక్క పూట కలుపుదామని వచ్చాను."

తమ్ముడు చేతులు దులుపుకున్నాడు. "ఆ మాట నిన్న చెప్పుంటే బేరగాణ్ణి ఆపేవాణ్ణి. నువ్వొస్తావేమోనని చూశాను కూడా."

"నువ్వే రావచ్చుగా."

"రావచ్చు," అన్నాడు తమ్ముడు.

ఇద్దరూ కలిసే దొడ్డికి వచ్చారు. తమ్ముణ్ణి చూడగానే కుక్క తోక నేలకేసి కొట్టింది. కాళ్ళు వణుకుతున్నా లేచి, అతని బట్టలు వాసన చూసింది. వాటికి ఇంకా గొర్రెల వాసన ఉంది. అతన్ని దాటి దారిలోకి వెళ్ళి నిలబడింది. చెవులు నిక్కబొడుచుకుని చాలాసేపు చూసింది. దారిలో ఏమీ రాలేదు. తిరిగొచ్చి వాకిలికి అడ్డంగా పడుకుంది.

"ఏరా, వీడికి ఎట్లా చెప్పడం?" అన్నాడు అన్న.

తమ్ముడు మొహం తిప్పుకున్నాడు.

పొద్దు వాలాక అన్న గొర్రెలు కుక్క మీదుగా అడుగులేస్తూ లోపలికి వెళ్ళాయి. తడిక మూసే వీల్లేదు. అన్నదమ్ములు వాకిలికి చెరో పక్కన కూర్చున్నారు.

"లోపలికొచ్చి తినండి," అని పిలిచింది వదిన.

"తడిక తీసి ఉంటే ఎట్లా రావడం?" అన్నాడు మరిది.

ఆమె రొట్టెలూ కూరా అక్కడికే తెచ్చింది. కుక్కకూ కాస్త పెట్టి, తనూ కూర్చుంది. అడగకుండానే మరిది కంచంలో ఇంకో రొట్టె వేసింది. అతను వద్దనలేదు. ముగ్గురూ తలలు దించుకుని తిన్నారు. కుక్క తన పళ్ళెం వైపు తిరగలేదు.