బ్రేకు తొక్కే మనిషి

పాత వెన్న డబ్బాలో కిరసనాయిలు పోసి, అందులో నానిన బోల్టులను ఒక్కొక్కటిగా తీసి, అరిగిపోయిన పళ్ల బ్రష్షుతో మరలు గీరుతోంది గ్లెనిస్. గీరినదాన్ని గుడ్డతో తుడిచి, వెలుతురుకెత్తి చూసి, పరిచిన పేపరు మీద వరసలో పెడుతోంది. బడి వంటశాలలో పిల్లల చెంచాలు తుడిచిపెట్టే పద్ధతే ఇక్కడికీ వచ్చింది. చేతులు మాత్రం మారిపోయాయి. వేళ్ల సందుల్లోని గ్రీజు ఎంత తోమినా వదలడం లేదు. సోమవారం ఈ చేతులతోనే బంగాళదుంపలు మెదిపితే పిల్లలకు ఏమవుతుందోనని రోజూ పడుకునే ముందు ఒకసారి భయపడుతోంది. కిరసనాయిలు డబ్బా పక్కన టీ కప్పు ఉంటే ఎవరైనా పొరపాటున తాగేస్తారని కప్పును దూరంగా కిటికీ గట్టు మీద పెట్టింది. ఇంట్లో ఉన్నది ఇద్దరే.

ఇంటి ముందు వాలులో పాత సియెర్రా కారు నిలబడి ఉంది. పేరుకే కారు. ముందు మూత, దీపాలు, తలుపుల లోపలి అట్టలు, వెనక సీటు, ముందు ఎడమ పక్క సీటు, అన్నీ ఊడి గరాజు గోడ వెంట చేరిపోయాయి. ఇంజను పోయిన వారమే బయటికి వచ్చింది. పక్కింటి డెల్విన్ అద్దెకు తెచ్చిన చిన్న క్రేనుకు అది వేలాడినంతసేపూ గ్లెనిస్ వంటింట్లో కుళాయి విప్పుకుని, ఏ చప్పుడూ వినపడకుండా నిలబడింది.

గరాజు మధ్యలో దుప్పటి కింద ఇనుప చట్రం ఉంది. ఈ పాత కారు లోపలి సరంజామా అంతా ఆ చట్రానికి ఎక్కి, పైన పల్చటి రేకులు చుట్టుకుంటే, కప్పూ తలుపులూ లేని, ఇద్దరు కూర్చునే బుల్లి కారు అవుతుంది. వేసవికల్లా అవుతుందని ఎమ్లిన్ అంటాడు. అతను వేసవి అన్నప్పుడల్లా గ్లెనిస్ చేతిలో ఉన్న వస్తువును తుడవడం మొదలుపెడుతుంది.

ఎమ్లిన్ గరాజు గుమ్మంలో మడత కుర్చీలో కూర్చున్నాడు. మోకాళ్ల మీద కంబళి. పోత కార్ఖానాలో కరిగిన ఇనుమును అచ్చుల్లోకి పోసిన మనిషి. ఇప్పుడు చొక్కా అతని భుజాల మీద కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. ఊపిరి లోపలికి వెళ్లేటప్పుడు ఒక శబ్దం, బయటికి వచ్చేటప్పుడు ఇంకొకటి. అతను తెప్పించుకున్న చట్రం లారీలో దిగిన వారానికే ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. ఊపిరితిత్తుల్లో కార్ఖానా దుమ్ము పేరుకుపోయిందని, గుండె కూడా అలిసిపోయిందని, బరువు పనులు వద్దని చెప్పారు. వేసవి మాట వాళ్లు ఎత్తలేదు. ఎవరో ఒకరు ఈ కారు విప్పాలి గదా అని గ్లెనిసే పానా పట్టుకుంది. అతను చెబుతాడు, ఆమె విప్పుతుంది.

పానా పట్టడమంటే ఆమెకు చిన్న సంగతి కాదు. గ్యాసు పొయ్యి ఆపి వీధి మలుపు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి చూసుకునే మనిషి. కూతురు రియాన్ బస్సు పావుగంట ఆలస్యమైతే ఆసుపత్రులకు ఫోన్లు చేసిన మనిషి. నిజానికి ఆమె జీవితంలో పెద్ద ఆపద ఏదీ జరగలేదు. జరగనివన్నీ ఎక్కడో పోగుపడి తన కోసం కాచుకుని ఉన్నాయని ఆమె నమ్మకం.

పెళ్లయిన కొత్తలో ఎమ్లిన్‌కు మోటారుసైకిలు ఉండేది. శనివారం మధ్యాహ్నం దాని మీద కొండలు దాటి పడమటి సముద్రం దాకా వెళ్లి, చీకటి పడేలోపు వచ్చేవాడు. రియాన్ కడుపులో పడ్డాక, అతను వచ్చేదాకా గ్లెనిస్ కిటికీ దగ్గర నిలబడి ఏడ్చేది. ఒక శనివారం అతను నడిచి ఇంటికి వచ్చాడు. అమ్మేశానని చెప్పి, చేతులు కడుక్కుని, అన్నానికి కూర్చున్నాడు. ఆ తర్వాత దాని ఊసే ఎత్తలేదు. బూడిద రంగు కార్లు ఒకదాని తర్వాత ఒకటి కొన్నాడు, నెమ్మదిగా నడిపాడు. ఎప్పుడైనా రోడ్డు మీద మోటారుసైకిలు దూసుకుపోతే దాని చప్పుడు పూర్తిగా పోయేదాకా మాట్లాడేవాడు కాడు. ఆ మౌనాన్ని గ్లెనిస్ ఏళ్ల తరబడి పక్క సీటులో కూర్చుని విన్నది. అందుకే చట్రం దిగిన రోజు వద్దనలేకపోయింది.

బోల్టులు ముగించి, చేతులు తుడుచుకుని ఆమె లేచింది.

"మిగిలింది వెనక చక్రాలేగా?"

ఎమ్లిన్ కారు వైపు చూశాడు. ఆ చూపులోనే ఏదో తేడా ఉందని ఆమెకు తెలిసిపోయింది. హ్యాండ్ బ్రేకు తీగ ఎక్కడని అడిగాడు. నిన్న అతను కునుకు తీస్తుంటే, లేచేసరికి ఒక పని తగ్గుతుందని తానే విప్పి చుట్ట చుట్టి పెట్టానని ఆమె చెప్పింది. చెబుతూనే నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

ఇలాంటి కార్లు కట్టుకునేవాళ్లు నెలకోసారి పబ్బులో కూడి, కొత్తవాళ్లను ఆటపట్టించేది ఈ తప్పు గురించే. వెనక చక్రాల నడిమధ్య ఉండే పెద్ద నట్లు మనిషి బలానికి లొంగవు. హ్యాండ్ బ్రేకు బిగించి, చక్రాలు నేల మీద ఉండగానే వాటిని ముందు వదులు చెయ్యాలి. లేకపోతే నట్టుతో పాటు చక్రమే తిరుగుతుంది. ఈ మాట ఎమ్లిన్ మొదటి రోజే చెప్పాడు. ఆమె తలూపింది కూడా.

సోమవారం పొద్దున తుక్కు లారీ వచ్చి కారు డొల్లను పట్టుకుపోతుంది. ఈలోగా ఆ చక్రాల వెనకున్న భాగాలు చేతికి రాకపోతే దుప్పటి కింద చట్రం చట్రంగానే ఉండిపోతుంది.

అప్పుడే డెల్విన్ గోడ మీంచి తొంగిచూశాడు. మెడలో ఎర్ర మఫ్లరు, రగ్బీ ఆటకు బయలుదేరినట్టున్నాడు.

"ఏం మేస్త్రీ, ఇవాళ ఏం పీకుతున్నారు?"

సంగతి విని నవ్వాడు. సాయంత్రం దాకా ఆగమని, తాను పనిచేసే షెడ్డులోంచి నట్లు విప్పే గాలి మిషను పట్టుకొస్తానని, అది పెడితే చిటికెలో ఊడిపోతాయని అన్నాడు. అంతదాకా ఈ మేస్త్రీని ఏమీ ముట్టనివ్వవద్దని ఎమ్లిన్‌కు చెప్పి వెళ్లిపోయాడు. గ్లెనిస్ ప్రాణం కుదుటపడింది. సాయంత్రం దాకా ఆగితే సరిపోతుంది. సూపు వెచ్చబెట్టుకోవచ్చు.

తిరిగి చూస్తే ఎమ్లిన్ కంబళి తీసి కుర్చీ మీద పెడుతున్నాడు.

"కాలి బ్రేకు ఉందిగా. నేను తొక్కుతా, నువ్వు లాగు."

వద్దని ఆమె చెప్పవలసినవన్నీ చెప్పింది. ఇంజను లేదు కాబట్టి ఆ బ్రేకు రాయిలా ఉంటుందని అతనే అన్నాడు కదా అంది. డాక్టరు మాట గుర్తుచేసింది. డెల్విన్ వస్తానన్నాడు కదా అంది. అతను అన్నీ విన్నాడు. విని, తలుపు పట్టుకుని నిలబడి ఊపిరి పోగుచేసుకున్నాడు.

"కూర్చుని కాలు చాపడానికి కూడా చీటీ రాయించుకు రావాలంటే, ఇంక నేనెందుకే గ్లెన్? ఇంత కారూ నువ్వే విప్పావు. దీంట్లో నా చెయ్యి ఒక్కసారీ పడలేదు. కాలన్నా పడనీ."

ఆమె అతని ముఖం చూసింది. అది మోటారుసైకిలు అమ్మి నడిచి వచ్చిన నాటి ముఖమే. ఆ రోజు చేతులు కడుక్కుంటూ అతను ఒక్క క్షణం ఇలాగే చూశాడు, ఏమైనా అంటుందేమోనని. ఆ రోజు ఆమె ఏమీ అనలేదు.

"సరే, కూర్చో," అంది.

అతన్ని కుడి పక్క నడిపే సీటులో కూర్చోబెట్టి, వెనక దిండు పెట్టి, అన్ని చక్రాలకూ ఇటుకలు అడ్డం పెట్టింది. ఇటుకలను కాలితో తన్ని చూసింది. మళ్లీ చూసింది. కుడి వెనక చక్రం మధ్య మూత ఊడదీసి, నట్టుకు సాకెట్టు తొడిగి, దానికి పొడుగాటి రాడ్డు పెట్టి, రాడ్డు చివర ఇనప గొట్టం దూర్చింది. గొట్టం జారి తన పళ్లు రాలడం, ఇటుక జారి కారు వాలులో కిందికి పోవడం, అందులో అతను, అన్నీ కళ్లముందు కదిలాయి. కళ్లు మూసుకుని లాగింది. నట్టు ఉలకలేదు. మళ్లీ లాగింది.

లోపలి నుంచి నవ్వు, దాని వెనక దగ్గు.

"అటు కాదే, ఇటు. ఈ పక్కది మీ అమ్మ లాంటిది. లోకమంతా ఒకవైపు తిరిగితే తనొకవైపు."

ఒక పక్క నట్టుకు మర ఎదురు ఉంటుందన్నది కూడా మొదటి రోజు చెప్పిన మాటే. ఆమె రాడ్డును రెండో వైపుకు మార్చి పెట్టి, ఒంటి బరువంతా గొట్టం మీద వేసింది. తుపాకి పేలినట్టు చప్పుడు. పరుగున అతని తలుపు దగ్గరికి వెళ్లింది. ఎమ్లిన్ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, చెమట పట్టిన ముఖంతో నవ్వుతున్నాడు. నట్టు వదులైంది.

టీ తెచ్చింది. అతను సీటులోంచి దిగనన్నాడు. దిగితే మళ్లీ ఎక్కలేనని చెప్పలేదు గానీ ఇద్దరికీ తెలుసు. పక్కన సీటు లేదు కాబట్టి ఆమె తలుపు దగ్గర బక్కెట్టు బోర్లించి కూర్చుంది. కొండ మీద ఎండ పొడ ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకుతోంది. కారు పూర్తయ్యాక ఏ దారిన వెళ్లాలో అతను చెప్పాడు. పెద్ద రోడ్డు వద్దు, కొండల మీది గొర్రెల దారి. చివరి మలుపు తిరిగేదాకా సముద్రం కనపడదు. తిరగ్గానే మొత్తం ఒకేసారి కనపడుతుంది. కప్పు లేని కారులో అయితే ముందు ఉప్పు వాసన వస్తుంది.

"నీకు భయమైతే కళ్లు మూసుకో. సముద్రం వచ్చినప్పుడు చెబుతా."

"మూసుకోను," అంది గ్లెనిస్. "నేనూ చూస్తా."

అతను ఆమె వైపు తిరిగి చూశాడు. టీ కప్పు ఆమె చేతికిచ్చి, "పద మరి, రెండోది," అన్నాడు.

రెండోది ఎడమ పక్క. అక్కడ చక్రం ముందు కూర్చుంటే అతని ముఖం కనపడదు, గొంతు మాత్రం వినపడుతుంది. తొక్కావా అని అడిగింది. తొక్కా అన్నాడు. లాగింది. చక్రం బండలా నిలిచింది, నట్టు కదలలేదు. చేతులు దులుపుకుని మళ్లీ లాగింది. ఈసారీ బ్రేకు పట్టే ఉంది. రాడ్డు విల్లులా వంగింది గానీ నట్టు అలాగే ఉంది. ఇంకోసారి అన్నాడతను. ఆ మాట సగం ఊపిరితో వచ్చింది.

ఆమె గొట్టం మీద వాలింది. నట్టు తిరగలేదు. చక్రం తిరిగింది. ఇటుక మీదికి మెల్లగా ఎక్కి, ఆగి, మళ్లీ దిగింది. కారు ఒకసారి అటూ ఇటూ ఊగింది.

బ్రేకు వదిలి ఊపిరి తీసుకుంటున్నాడని ఆమె అనుకుంది. తొందర లేదు, కాసేపు ఆగు అని చెప్పి, ఇటుకను తన్ని సరిచేసి, అక్కడే నేల మీద చతికిలపడింది. సూపులో క్యారెట్లు వెయ్యాలా వద్దా, కిందటిసారి గొంతులో అడ్డం పడ్డాయన్నావు అని అడిగింది. ఆ కారులో వెళ్లేటప్పుడు తాను తలకు ఉన్ని టోపీ పెట్టుకుంటానని, నలుగురూ నవ్వినా సరేనని, రియాన్‌కు మాత్రం తిరిగి వచ్చాకే చెబుదామని, ముందే చెబితే అది రాత్రంతా నిద్రపోదని, ఆ భయం దానికి తన నుంచే వచ్చిందని చెప్పింది. ఇంత మాట్లాడుతున్నా మధ్యలో అతను ఒక్క వెక్కిరింపూ విసరలేదు.

"ఊఁ, తొక్కు," అంది.

గొట్టాన్ని రెండు వేళ్లతో తాకినంత మెత్తగా నొక్కింది. చక్రం కదిలింది.

అప్పుడు ఆమెకు తెలిసింది. ఇన్నేళ్లూ ఊహించుకున్న ఫోన్లలో, తలుపు తట్టిన చప్పుళ్లలో ఒక్కటీ ఇంత నిశ్శబ్దంగా లేదు. ఆమె పరుగెత్తలేదు. రాడ్డు నట్టుకే వదిలేసి, కారు వెనక నుంచి చుట్టూ నడిచి వెళ్లింది. ఎమ్లిన్ చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. తల దిండు మీద కాస్త పక్కకు వాలింది. కళ్లు ముందుకు, మూత లేని, ఇంజను లేని కారు మీంచి రోడ్డు వైపు చూస్తున్నాయి. ఆమె మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసింది. చాలాసేపు పెట్టి ఉంచింది.

తర్వాత ఎడమ పక్క తలుపు తెరిచి, సీటు లేని ఉత్త రేకు మీద కూర్చుంది. అతని కంటే బాగా కిందికి ఉంది, పిల్లలు కూర్చున్నట్టు. అక్కడి నుంచి ఆమెకు రోడ్డు కనపడలేదు, ఆకాశం కనపడింది. అతని ఎడమ చేతిని స్టీరింగు మీంచి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

ఆట అయిపోయాక డెల్విన్ గాలి మిషను మోసుకుంటూ వచ్చాడు. దాన్ని గోడ పక్కన దించి, టోపీ తీశాడు. ఆ తర్వాత అంబులెన్సు, అది వెళ్లాక ఇరుగుపొరుగు, రియాన్‌కు ఫోను. బండి నెమ్మదిగా నడుపుకుంటూ రమ్మని చెప్పడం గ్లెనిస్ మరిచిపోయింది. డెల్విన్ వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించి, సోమవారం లారీని రావద్దని చెప్పనా అని అడిగాడు. చెప్పమంది.

వాన మొదలయ్యేలా ఉంది. కుడి పక్క తలుపు ఇంకా తెరిచే ఉంది. ముయ్యడానికి వెళ్లి, దిండు తీద్దామని వంగింది. బ్రేకు కింద అతని ఇంటి చెప్పు ఒకటి ఉండిపోయింది, అంబులెన్సు వాళ్లు ఎత్తినప్పుడు కాలి నుంచి జారినట్టుంది. గళ్ల గుడ్డ చెప్పు, మడమ దగ్గర నలిగిపోయినది. పక్కకు దొర్లి పడి ఉంది. మెత్తటి అడుగు మీద బ్రేకు పెడలు మీది గీతలు నల్లగా, లోతుగా, ఒకదాని మీద ఒకటి అచ్చు పడి ఉన్నాయి.