ముప్పై నాలుగు పేర్లు

కడవ పట్టుకుని బోరింగు దగ్గరికి వచ్చిన స్వర్ణ నీళ్ళు కొట్టడం మరచిపోయింది. ఇద్దరు మనుషులు బడిలోని బెంచీలు మోసుకొచ్చి ట్రాలీ ఆటోలో వేస్తున్నారు. నల్లబల్ల అప్పటికే వెల్లకిలా పడి ఉంది. తలుపుకు తాళం, తాళం మీద కాగితం. పిల్లలు సంచులు భుజాన వేసుకుని ఎండలో నిలబడ్డారు.

ప్రేమ్‌చంద్ సారు తల వంచుకునే ఆ కాగితం చదివి వినిపించాడు. బడిలో మిగిలింది పదకొండు మందేనట. అందుకని హైవే అవతలి బడిలో కలిపేశారట. తాళం ముందు నలభై అయిదుగురు పిల్లలు నిలబడి ఉంటే ఆఫీసర్లకు పదకొండు మందే కనబడ్డారు. అలాంటి కళ్ళద్దాలు ఏ దుకాణంలో దొరుకుతాయో వాళ్ళే చెప్పాలి. ఇక ఆ హైవే సంగతి ఆర్మూర్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. లారీలు ఆగవు. పెద్దవాళ్ళే దేవుణ్ణి తలుచుకుని దాటుతారు.

"అమ్మా, రేపట్నుంచి నేను గూడ కళ్ళంలకు రావాల్నా?" అని అడిగింది అశ్విని. నాలుగో తరగతి పిల్ల. అన్నం తినాలా అని అడిగినంత మామూలుగా అడిగింది. తొమ్మిదేళ్ళప్పుడు స్వర్ణ కూడా పసుపు కొమ్ములు ఏరడానికి కూర్చుంది, ఇంతవరకూ లేవలేదు.

"పోరలందరు ఈడనే ఉన్నరు గద సారూ?"

"మనుషులు ఈడున్నరు, పేర్లు లేవు. ముప్పై నాలుగు పేర్లు గంగాకిషన్ సేటు బడిల ఉన్నయి. మీరే రాయించిన్రట గద స్వర్ణా."

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన జూన్‌లో సేటు స్వయంగా కళ్ళానికి వచ్చాడు. బడి పక్కనున్న ఆ పసుపు కళ్ళం ఆయనదే, ఊరవతల రంగుల బస్సులు తిరిగే ఇంగ్లీషు మీడియం బడీ ఆయనదే. పై తరగతులకు పర్మిషన్ రావాలంటే పిల్లల పేర్లు కావాలి, జర రాయించుండ్రి, టై ఇస్త, బస్సు పంపుత అన్నాడు. పని ఇచ్చేవాడు అడిగితే కాదనడం ఎట్లా? పైగా రోజూ కూలి పుస్తకంలో ముద్ర వేసే చేతులే. వాళ్ళకు సిరా కూడా అక్కర్లేదు, వేళ్ళకు అంటిన పసుపే చాలు. అందరికంటే ముందు వేలు పెట్టింది స్వర్ణే. టైలు వచ్చాయి. బస్సు మాత్రం ఈ వాడ మొహం చూడలేదు.

పగటి బువ్వ వేళ కళ్ళంలోనే మీటింగు పెట్టుకున్నారు. మీటింగు అంటే మొదట తిట్టుకోవడమే. నువ్వు రాయించినవంటే నువ్వు రాయించినవని.

"మీ సిస్టరమ్మల బడి ఉంది గద స్వర్ణా, గాడ అడుగరాదు?" అంది ముసలి నీలవ్వ.

"అడిగిన పెద్దమ్మా. పరీక్ష పెట్టి పది మందిని తీస్కుంటరట. మిగిలినోళ్ళ కోసం ప్రార్థన చేస్తరట."

"గుడి ట్రస్టోళ్ళ బడిల అన్నం గూడ పెడ్తరు," అన్నాడు బస్తాలు మోసే పెద్దులు.

పసుపు ఉడకబెట్టే బుచ్చన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పెడ్తరు. మన వాడ పోరలను వేరే వరుసల కూసోబెట్టి పెడ్తరు. నా బిడ్డ నాలుగు దినాలు వోయి వచ్చింది. సేటు బడి సేటుది, గుడి బడి గుడిది, చర్చి బడి చర్చిది. మనది ఏది మరి? గీ తాళమేసిందే మనది."

స్వర్ణ లేచి నిలబడింది. "మొదలు ఏలు పెట్టింది నేను. తప్పు నాదే. నేనే ఏలు ఎన్కకు తీయాలె, గని ఒక్కదానితోని కాదు. సేటు గా రిజిస్టరు పట్కొని బడి కాడికి రావాలె, ఆఫీసరు గూడ రావాలె. అప్పటిదాంక ఉడికిన పసుపు ఎవ్వలం ముట్టొద్దు."

అందరూ బుచ్చన్న వైపు చూశారు. ఉడికిన పసుపును వెంటనే కళ్ళంలో పరచాలి. కుప్పగా వదిలేస్తే ముక్కిపోతుంది, రంగు చెడుతుంది, ఆ తర్వాత ఎవడూ కొనడు. బుచ్చన్న కడాయిలోని కొమ్ముకు పుల్ల గుచ్చి చూశాడు. మెత్తగా దిగింది. మంట తీసి, నాలుగు కడాయిలూ కుప్పగా పోసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

కబురు అందిన గంట తిరక్కుండానే గంగాకిషన్ సేటు జీపులో ఆఫీసరును ఎక్కించుకుని బడి ముందుకు వచ్చాడు. వెనకాలే పసుపు రంగు బస్సు. ఇన్నాళ్ళకు దానికి వాడ దారి దొరికింది.

"చూడుండ్రి సార్, పోరలు ఎవరి వైపున్నరో మీకే తెలుస్తది," అని సేటు రిజిస్టరు తెరిచాడు. "పేరు పిలుస్త. పిలిచినోళ్ళు బస్సెక్కుండ్రి. కొత్త బూట్లున్నయి."

ఆ బస్సు కోసం అశ్విని ఎన్నిసార్లు ఏడ్చిందో స్వర్ణకే తెలుసు. పిల్లలకు ఏమీ చెప్పలేదు, చెప్పే వ్యవధి లేదు.

"గంగామణి."

నీలవ్వ మనుమరాలు మెల్లగా వెళ్ళి బస్సెక్కింది. నీలవ్వ ముఖం పాలిపోయింది. సేటు ఆఫీసరు వైపు చూసి నవ్వాడు.

"అశ్విని."

అశ్విని బస్సును చూసింది. తల్లి వైపు చూడలేదు. ప్రేమ్‌చంద్ సారు వైపు తిరిగి, రోజూ తరగతిలో చెప్పినట్టే చెప్పింది. "ఉన్న సార్."

"నేను పిలుస్తున్న, ఇటు చూడు," అన్నాడు సేటు.

"మీరు మా సారు కాదు గద."

వాడంతా గొల్లున నవ్వింది. తర్వాతి పేరు పిలిస్తే ఇంకొకరు, "ఉన్న సార్". ఇంకొకరు. సేటు గొంతు పెంచుతుంటే పిల్లలూ పెంచారు. పన్నెండో పేరు దగ్గర గంగామణి తనంతట తానే బస్సు దిగి వచ్చి అశ్విని పక్కన నిలబడి, "ఉన్న సార్" అంది. ఇరవయ్యో పేరు దగ్గర సేటు రిజిస్టరు మూసేశాడు.

"ఇంక పద్నాలుగున్నయి, సదువు సేటూ," అంది స్వర్ణ. "మా ముద్రలు మాకు కావాలె."

ఆఫీసరు నోరు విప్పేలోగా పోలీసు జీపు వచ్చింది. పంట పాడుచేశారని సేటు ముందే ఫోన్ చేశాడట. స్వర్ణనూ బుచ్చన్ననూ ఎక్కించారు. ఆడవాళ్ళు జీపుకు అడ్డం పడితే లాఠీలతో నెట్టారు. నీలవ్వ కింద పడింది, లేచింది, మళ్ళీ అడ్డం వెళ్ళింది.

అప్పుడు, పొద్దున్నుంచీ తలెత్తని ప్రేమ్‌చంద్ సారు వచ్చి సేటు చేతిలోంచి రిజిస్టరు లాక్కున్నాడు. తాళం వేసిన గడప మీద కూర్చున్నాడు. "నా ఉద్యోగం పోతే పోనీ," అని ఆఫీసరు ముఖం మీదే అని, ఇరవై ఒకటో పేరు చదివాడు. జీపు మలుపు తిరిగేదాకా పిల్లల గొంతులు స్వర్ణకు వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె లెక్కపెట్టింది. ముప్పై నాలుగూ పలికాయి. అప్పుడు ఏడ్చింది, భయంతో కాదు.

మరునాడు ప్రేమ్‌చంద్ సారును సస్పెండ్ చేశారు. ఆయన ఆ గడప మీదే పాఠం చెప్పాడు. ఆర్మూర్ చుట్టూ ఏడు కళ్ళాలలో కడాయిలు పొయ్యెక్కలేదు. మూడో నాడు ముప్కాల్‌లో, జక్రాన్‌పల్లిలో కూడా కూలి తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని, తమ ఊరి ప్రైవేటు బడుల గేట్ల ముందు కూర్చున్నారు. వాళ్ళ పిల్లల పేర్లూ అట్లాగే రాయించుకున్నారట. వాళ్ళు అడిగింది ఒకటే. రిజిస్టర్లు బయటికి తెచ్చి, అందరూ వినేట్టు చదవమన్నారు.