వంతెన మీద అత్త

మెట్లు ఎక్కుతున్న కొద్దీ కొండ కిందికి దిగిపోతోంది. నూకరత్నానికి అదేమీ వింతగా అనిపించడం లేదు, ఎందుకంటే ఆ కొండ నిండా సమాధులే, ఒక్కొక్కటీ గుర్రపు నాడా ఆకారంలో రాతితో కట్టి, వీపు కొండకి ఆనించుకుని చేతుల కుర్చీలా కూర్చుని ఉన్నాయి, వాటి మధ్య నుంచి మంచు పారుతోంది, మంచు విడిన చోటల్లా విశాఖపట్నం పూర్ణా మార్కెట్ కనిపిస్తోంది. చైనా కొండల్లో పూర్ణా మార్కెట్ ఎందుకుందని ఆమె అడగదు. ఉల్లిపాయల బస్తా దింపుతున్న కూలీ ఒకడు "సుంగోరి పెద్దల గుడికేనా అమ్మా? తిన్నగా ఎల్లిపో, వంతెనొస్తాది" అంటాడు, ఆమె తిన్నగా వెళ్తుంది, తిన్నగా వెళ్తే దారి గుండ్రంగా తిరుగుతుంది.

వంతెన రాతిది, చిన్నది. కింద నీళ్ళున్నాయో లేవో తెలియదు, చప్పుడు మాత్రం వినిపిస్తోంది. దాని అంచున కాళ్ళు వేలాడేసుకుని, పువ్వుల నైటీ మీద తువ్వాలు వేసుకుని కూర్చుని ఉంది ఆమె అత్తగారు చుంగ్ మెయ్‌లాన్, పేట వాళ్ళందరికీ మీలమ్మ, నిరుడు వానల్లో పోయిన మనిషి. బతికున్నన్నాళ్ళూ చెప్పులు కుట్టిన చేతులు కాబట్టి ఎవరొచ్చినా ముందు మొహం చూడదు, పాదాలు చూస్తుంది. ఇప్పుడూ అంతే.

"మడమ కాడ అరిగిపోయింది సూడు. కొత్తవి కుట్టించుకోనేదేటే?"

"నువ్వు పోయాక ఎవులు కుడతారత్తా?" అంటుంది నూకరత్నం, అని, అప్పుడు గుర్తొస్తుంది. "ఇక్కడ కూకున్నావేటి నువ్వు? గుళ్ళో ఉండాల కదా?"

"ఎలాగెల్తాను?" అంటుంది మీలమ్మ, కోపంగా. "తెల్లారి ఆడెవుడో తెల్లటి చేతితొడుగులు ఏసుకొని ఒచ్చి నన్ను ఎత్తుకున్నాడు. వంతెన కాడ ఆగి ఏదో అన్నాడు. ఏటన్నాడో నాకు తెలిస్తే కదా! ఆడు ఎలిపోనాడు, నా పేరున్న సెక్క ఎలిపోనాది, నాను మాత్రం ఇక్కడే ఉండిపోనాను."

తెల్లారిందా? తెల్లారితే అయిపోయినట్టే.

చైనా నుంచి విశాఖకి వచ్చి స్థిరపడిన చుంగ్ వంశపు ఆచారం అది. చనిపోయిన వారి పేరు చెక్కిన పలకను ఆరేడు వందల ఏళ్ళ నాటి సొంతూరి పూర్వీకుల గుడిలో, అంతస్తులుగా పేర్చిన మిగతా పలకల పక్కన కూర్చోబెట్టాలి. దారిలో ఎండ తగలకుండా నల్ల గొడుగు పట్టాలి. వంతెన వచ్చినా, గడప వచ్చినా, వాహనం ఎక్కినా దిగినా, మోసేవాళ్ళు ఆగి పోయినవాళ్ళకి చెప్పాలి, ఇదిగో దాటుతున్నాం, వెంట రా అని. చెప్పకపోతే ప్రాణం అక్కడే నిలబడిపోతుంది, చెక్క ఒక్కటే ముందుకు పోతుంది. మీలమ్మ మంచంలో ఉండగా ఇవన్నీ కోడలికి నూరిపోసింది, ఎందుకంటే కొడుకు సెంగ్ తల్లి కంటే ముందే పోయాడు, పిల్లలు లేరు, ఇక మిగిలింది నూకరత్నం ఒక్కతే. ఆ ఒక్కతీ మాట నిలబెట్టుకుంది. విశాఖ విమానాశ్రయంలో "అత్తా, ఇమానం ఎక్కుతన్నాం" అని గట్టిగా చెబితే తనిఖీ చేసే జవాను సంచిని రెండోసారి తెరిపించాడు. అయినా మానలేదు. ఎన్ని విమానాలు, ఎన్ని బస్సులు, ఎన్ని వంతెనలు వస్తే అన్నిసార్లూ చెప్పింది.

ఇంత దూరం మోసుకొచ్చాక నిన్న గుడి పెద్ద ఒక మాట అన్నాడు. కోడలు గడప దాటకూడదట. కొడుకో మనవడో మోయాలట, వాళ్ళు లేరు కాబట్టి వరసకి మనవడయ్యే ఫామింగ్, బజార్లో మోటారు సైకిళ్ళు బాగుచేసే అతను, పొద్దున్నే వచ్చి తీసుకెళ్తాడట. ఫోన్‌లో అనువాదం చేసే ఆడగొంతు ఆ మాటల్ని పాఠం అప్పజెప్పినట్టు తెలుగు చేసి చెప్పింది, "కోడలు బయట నిలబడవలెను" అని. నూకరత్నం ఒంటరి మనిషి, ఊరు కాని ఊరు, చుట్టూ ఇరవై మంది మగవాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు. తల ఊపేసింది. ఊపిన దగ్గర నుంచీ ఆ తల ఆమెకి బరువుగానే ఉంది.

"మీ బాసే కదత్తా అది. అర్దం కానేదేటి?" అంటుంది ఇప్పుడు, వంతెన మీద, తన తప్పేమీ లేనట్టు.

"ఏ బాసే? మాయమ్మ పోయినప్పుడే ఆ బాసా పోనాది. నాను పుట్టింది ఇసాపట్నం పెదాస్పత్రిలో, పెరిగింది సెప్పుల షాపులో. పాలోడితో, సేపలోలితో, నీతో దెబ్బలాడింది ఏ బాసలో?"

"తెలుగులో."

"మరింకేటి!"

నీళ్ళ చప్పుడు ఆగుతుంది. వంతెన కాస్తా చెప్పుల షాపు అరుగవుతుంది, మీలమ్మ వెనక గోడకి చిన్న అర, అరలో ఎర్రకాగితం, అగరొత్తులు, పాత పెద్దల ఫోటోలు. ఇరవై ఆరేళ్ళు ఆ ఇంట్లో కాపురం చేసినా నూకరత్నం ఎన్నడూ ముట్టని అర అది. ముట్టబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టేది.

నూకరత్నానికి ఒళ్ళు మండుతుంది. కలలో కోపానికి అడ్డూ ఆపూ ఉండదు. "అయితే అడుగుతాను, సెప్పు. నాను నీకు తానాలు సేయించేను, తల దువ్వేను, పక్క మార్చేను, నీ కొడుకు పోతే ఇద్దరం ఒకే కంచంలో ముద్దలు ఇడిసేసి ఏడిసేం. ఆ అర మాత్రం ఒక్కనాడు తుడవనిచ్చేవా? బైటోరి పిల్లనన్నావు. నిన్న ఆ ముసలోడూ అదే అన్నాడు. నువ్వన్న మాటే ఆడన్నాడు!"

మీలమ్మ చేతిలో ఎక్కడి నుంచి వచ్చిందో తోలు ముక్క, దాన్ని అటూ ఇటూ తిప్పుతుంది.

"మాట్లాడవేటి?"

"మాయత్త నన్ను ముట్టనివ్వనేదు," అంటుంది చివరికి. "నాను నిన్ను ముట్టనివ్వనేదు. ఎందుకని నానడగనేదు. నువ్వడిగితే సెప్పడానికి నా కాడేటీ నేదు."

"అంతేనా?"

"అంతేనే. ఏటుంటాది? పోన్లే, ఆలకి ఎదురు సెప్పకు. పరాయి దేసం, రబస సేయకు. నానిలాగే ఈ వంతెన మీద కూకుంటాను. గాలి బాగానే ఉంది."

నూకరత్నానికి ఆ మాట మింగుడుపడదు. చచ్చి కూడా సర్దుకుపోవడమేనా? మొగుడు దుకాణం తాళాలు ఇవ్వకపోతే సర్దుకుంది, బతికినంత కాలం ఎవరేం చెబితే దానికి సరేనంది, ఇప్పుడు పరలోకంలో కూడా అంచున కాళ్ళు వేలాడేసుకుని గాలి బాగుందంటుంది! నిన్న తనూ అదే చేసి వచ్చింది కదా, ఆ మగవాళ్ళ మధ్య గంగిరెద్దులా తల ఊపి! సిగ్గేస్తుంది, సిగ్గు కన్నా ఎక్కువ కోపం వస్తుంది.

"లెగు," అంటుంది.

"కాళ్ళు నొప్పులే."

"అయితే ఎత్తుకుంటాను. ఎత్తుకోనేదేటి ఎప్పుడూ?"

వంగి రెండు చేతులూ వేస్తుంది. చివరి నెలల్లో స్నానాల గదికి మోసిన మనిషే, అదే సన్నటి వీపు, అదే పౌడరు వాసన, కానీ ఇప్పుడు బరువు చెక్కంతే ఉంది. మీలమ్మ ఒక చెయ్యి కోడలి మెడ చుట్టూ వేసి, "ముందు సెప్పాల, మరిసిపోకు" అంటుంది చిన్నగా.

"వంతెన దాటుతన్నాం అత్తా, నాతోటి రా!" అని అరుస్తుంది నూకరత్నం, కొండ మొత్తం వినేట్టు. నాడా ఆకారపు సమాధుల్లోంచి ఎవరో దగ్గుతారు. ఎవరో "ఏం గొంతురా నాయనా" అంటారు, ఏ భాషలోనో తెలియదు కానీ అర్థమవుతుంది.

గుడి ఎదురుగానే ఉంది. లోపల మెట్ల మీద వరసలు వరసలుగా పెద్దలు, పలకలు కారు, మనుషులే, టోపీలు పెట్టుకుని, చేతులు అంగీ చేతుల్లో దాచుకుని, పై వరస వాళ్ళకి మొహాలు కూడా అరిగిపోయాయి. వాకిట్లో గడప మోకాలి ఎత్తుంది. దగ్గరికి వెళ్ళేసరికి నడుమెత్తు అవుతుంది. ఇంకో అడుగు వేస్తే ఛాతీ దాకా లేస్తుంది. ఎక్కడి నుంచో ఫోన్‌లోని ఆడగొంతు, "కోడలు బయట నిలబడవలెను, కోడలు బయట నిలబడవలెను" అని చెప్పుకుపోతోంది.

"నోర్ముయ్," అంటుంది నూకరత్నం, ఫోన్‌ని. ఆ తరువాత లోపల ఉన్నవాళ్ళందరినీ చూస్తుంది. "అయ్యలారా, ఇనండి. ఈవిడ జొరంలో ఉంటే మీలో ఎవులొచ్చేరు? గొంతులో నీళ్ళెవులు పోసేరు? ఈవిడికి తెలిసిన బాస మీ గుళ్ళో ఇప్పుడు నానొక్కదాన్నే మాటాడతాను. నాను సెప్పకపోతే ఈవిడ మీ కాడికి రాదు. మీకు మీ ఆడమనిసి గావాలో, గడపే గావాలో తేల్చుకోండి."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఎవరూ రమ్మనరు. ఎవరూ వద్దనరు. కింది వరసలో మాత్రం ఒక ముసలమ్మ, మీలమ్మ అత్తగారే కాబోలు, కాస్త జరిగి పక్కన చోటు చేస్తుంది.

"ఓలమ్మా, ఎంతెత్తుందే గడప!" అంటుంది మీలమ్మ, మెడ చుట్టూ చెయ్యి బిగించి. "గట్టిగా పట్టుకోయే. పడిపోతాను."

"పడవు," అని నూకరత్నం, చేతుల్లో పలకైపోయిన అత్తని గుండెకి అదుముకుని కాలెత్తుతుంది. ఎత్తిన కాలు గడప మీదుగా పోతూనే ఉంటుంది, అవతల నేల తగలదు.

మంచం పట్టీకి కాలు కొట్టుకుని మెలకువ వచ్చింది. లాడ్జి గది, కిటికీలో తెల్లటి వెలుగు, బయట ఎవరో తలుపు తడుతున్నారు. రాత్రి బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి పెట్టిన పలక బల్ల మీద లేదు. ఆమె చేతుల్లో ఉంది. ఎప్పుడు లేచి తీసుకుందో ఆమెకే తెలియదు. ఎంత గట్టిగా పట్టుకుందంటే చెక్క అంచు ఎడమ మోచేతి కింద గాడిలా దిగబడి ఉంది. వేలితో రుద్దినా పోలేదు.

లేచి మొహం కడుక్కుంది, చీర సరిచేసుకుంది, తలుపు తీసింది. ఫామింగ్ నిలబడి ఉన్నాడు, తెల్ల చేతితొడుగులు, నల్ల చొక్కా, చంకలో గొడుగు. మర్యాదగా నడుం వంచి, పలక కోసం రెండు చేతులూ చాపాడు.

నూకరత్నం పలక ఇవ్వలేదు. ఫోన్ తీసి నోటి దగ్గర పెట్టుకుని, అక్షరం అక్షరం విడదీసి, "మా అత్తకి మీ భాష రాదు. నేను చెబితేనే ఆవిడ గడప దాటుతుంది. నేనే మోస్తాను, లోపలికి కూడా నేనే తీసుకెళ్తాను. మీ పెద్దాయనకి కోపం వస్తే నాతో మాట్లాడమను" అంది.

ఫోన్ ఆ మాటలు చైనా భాషలో చెప్పింది. ఫామింగ్ విన్నాడు. ఇంకోసారి వినిపించమని సైగ చేశాడు, ఇంకోసారి విన్నాడు. పలకని చూశాడు, ఆమె మోచేతి కింది గాడిని చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, చాపిన చేతులు వెనక్కి తీసుకుని, చేతితొడుగులు విప్పి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు ఆమె తలకీ, చేతుల్లోని పలకకీ ఎండ తగలకుండా గొడుగు విప్పాడు.