బాల్కనీలో చేమాకు

శనివారం సాయంత్రం రింగు రోడ్డు పక్క నర్సరీలో ఆ మొక్క కనపడగానే దుర్గకి అడుగు ముందుకు పడలేదు. చేటంత ఆకులు, నూనె రాసినట్టు నిగనిగలు. కొత్త ఫ్లాట్ బాల్కనీలో ఏం పెట్టాలా అని ఫోన్లో ఫొటోలు చూసి చూసి చివరికి మనసు పారేసుకున్నది ఇలాంటి మొక్క మీదే. వారమంతా బ్యాంకుకీ ఇంటికీ మధ్య పరుగులు పెట్టే మనిషికి ఎన్నాళ్ళకో తీరిగ్గా ఒక శని, ఆదివారం దొరికాయి. మొక్కలు కొనుక్కోవాలి, బయట తినాలి, పొయ్యి మొహం చూడకూడదు. పాపం, అంతకుమించి ఆమె కోరిందేమీ లేదు.

కూడా అత్త గురమ్మ వచ్చింది. కళింగపట్నంలో చేపలు ఎండబెట్టి అమ్మే మనిషి, మనవరాలి మీద బెంగతో విజయనగరం వచ్చి ఉంది. ఆ మొక్కని చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏటే దుర్గా, సేమ మొక్కని డబ్బులెట్టి కొంతావా? మా కాలవ గట్టుకి రా, బండెడు కోసిస్తాను."

ఆ మాట అనేసి మల్లె అంట్ల దగ్గరకి వెళ్ళిపోయింది. నర్సరీ అతను దుర్గ పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు.

"సేమ కాదు మేడం, షో మొక్క. ఆకు నోట్లో ఎడితే నాలిక వాసిపోద్ది. పిల్లలుంటే అందకుండా ఎట్టండి."

దుర్గ అత్త వైపు ఓరగా చూసింది. వినలేదు. వింటే ఇంకేమన్నా ఉందా, పిల్ల తిరిగే ఇంట్లో విషం పెడతావా అని నర్సరీ అదిరిపోయేలా అరుస్తుంది, మొక్క ఇక్కడే ఉండిపోతుంది. గురమ్మ తిరిగొచ్చి "సేమేనా?" అని మళ్ళీ అడిగితే, "అవునత్తా, సేమే. కాస్త ఫేషన్ సేమ" అనేసింది దుర్గ. గురమ్మ వెనకాలే వచ్చిన మొగుడు యుగంధర్ నవ్వాడు. అక్కడితో గొడవ లేకుండా పోయింది.

ఇంటికొచ్చాక కుండీని ఎత్తు స్టూలు మీద పెట్టి, నాలుగేళ్ళ కూతురు యమునని ముట్టుకుంటే తాట తీస్తానని బెదిరించింది. చెప్పాల్సినవాళ్ళకి చెప్పేశాననుకుంది.

ఆదివారం మధ్యాహ్నం హోటల్‌కి బయల్దేరుతుంటే గురమ్మ రానంది. ఆ మసాలా కూడు తనకి పడదంది. పిల్లకి జలుబుగా ఉందని దాన్నీ తన దగ్గరే ఉంచుకుంది. "మీరిద్దరూ సుకంగా తినీసి రండి. మాకేటో ఒకటి నాను వండుతాను" అని తలుపు దగ్గర నిలబడి సాగనంపింది.

గంటస్తంభం దగ్గరి హోటల్లో ఏసీ చల్లగా ఉంది. సూపు తాగారు, బిర్యానీ చెప్పారు, తీరిగ్గా కబుర్లలో పడ్డారు. దుర్గ ఫోను మోగింది. ఇంటి నుంచి, యమున.

"మమ్మీ, నానమ్మ నీ కొత్త మొక్క ఆకులన్నీ కోసేసింది. ఎండు రొయ్యలేసి కూర వండింది. నాకు అన్నం కలిపింది."

దుర్గ కుర్చీలోంచి లేచిపోయింది. "యమునా, తినకు! ఒక్క ముద్ద కూడా తినకు! నానమ్మకి ఫోనివ్వు!"

అవతల కంచం నేలకి కొట్టినట్టు పెద్ద చప్పుడు. గురమ్మ ఏదో అరిచింది. అది మాటలా లేదు. పిల్ల కెవ్వుమంది. ఫోను కట్టయిపోయింది.

"ఏటయింది?" అన్నాడు యుగంధర్.

"అత్త ఆ మొక్క వండీసింది బావా. పిల్లకి పెడతన్నాది."

"సేమాకే కదా?"

"కాదు. విషం." దుర్గ బ్యాగు అందుకుంది. "నాకు తెలుసు."

అతను ఆమె మొహంలోకి చూశాడు. బండి తాళాలు తీసుకుని పరుగెత్తాడు, ఆమె వెనకాలే పరుగెత్తింది.

దారిపొడుగునా దుర్గ ఫోను చేస్తూనే ఉంది. మోగుతోంది, ఆగిపోతోంది. ఎదురు ఫ్లాట్ అరుణశ్రీకి చేస్తే గరివిడిలో పెళ్ళిలో ఉన్నామంది. ఆదివారం జనం, ఆటోలు, ఎవడూ పక్కకి జరగడు. నాలుక వాచిపోద్దన్న మాటే చెవిలో గింగురుమంటోంది. పెద్దవాళ్ళ నాలుక వాచడం వేరు. యమున గొంతు ఎంతుంటుంది? జలుబు చేస్తేనే ఊపిరాడక రాత్రంతా ఎగపోస్తుందే! పైడితల్లమ్మా, నా పిల్లని ఉంచు తల్లీ, నా నోటితో నేనన్న అబద్ధానికి నన్నేం చేసినా చెయ్యి, దాన్ని మాత్రం ఉంచు. యుగంధర్ భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకుందో ఆమెకే తెలీదు.

తలుపు లోపల గడియ వేసి ఉంది. కొట్టారు, పిలిచారు. లోపల ఏదో నేల మీద ఈడుస్తున్న చప్పుడైంది. దుర్గ తలుపుకి చెవి ఆనించింది. చూస్తే యమున, కుర్చీ లాక్కుని ఎక్కి గడియ తీసింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది, చెంప మీద అయిదు వేళ్ళూ తేలి ఉన్నాయి.

దుర్గ దాని నోట్లో వేలు పెట్టి నాలుక చూసింది, గొంతు చూసింది.

"తిన్నావా? నిజం చెప్పు, తిన్నావా?"

"లేదు. నాను తిన్నాక తిను, కూకో అంది నానమ్మ. ఆకలేసి ముద్ద తీస్తే కొట్టింది. కంచం తోసేసింది."

దుర్గ పిల్లని వాటేసుకుని గుమ్మంలోనే కూలబడింది. నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. అమ్మయ్య, అమ్మయ్య అంటూనే ఉంది. లోపల యుగంధర్ "అమ్మా!" అని అరిచేదాకా ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉందనే ఆమెకి గుర్తు లేదు.

గురమ్మ వంటింటి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నాలుక నోట్లో పట్టడం లేదు, చొంగ కారి రవిక తడిసిపోయింది, ఊపిరికి ఈల చప్పుడొస్తోంది. ఆమె కళ్ళు మాత్రం గుమ్మంలో ఉన్న పిల్లమీదే ఉన్నాయి. అప్పటిదాకా ఉన్న భయం ఒకెత్తు, ఆ కళ్ళు చూశాక పుట్టినది ఒకెత్తు.

ఆస్పత్రిలో ఇంజెక్షన్లు చేశారు, ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. వాపు గొంతులోకి దిగకుండా ఉంటే గండం గడిచినట్టే, సాయంత్రం దాకా ఏమీ చెప్పలేమన్నాడు డాక్టరు. వరండాలో బెంచీ మీద యమున తండ్రి ఒళ్ళో నిద్రపోయింది.

"ముందు తను తినడమెందుకు బావా? సేమనే అనుకుంది కదా," అంది దుర్గ.

"కొన్న మొక్క కదా, అనుమానమొచ్చుంటాది. మా ఇంట్లో అంతే. వల్లో పేరు తెలీని సేప పడితే వండీసి ముందు అమ్మే తినీది. మా కంచాల్లో కలిపి ఎట్టి ముట్టనిచ్చీది కాదు. మేమందరం ఎదర కూకుని ఆవిడ మొహమే సూసీవాళ్ళం."

"భయమేసేది కాదా?"

"ఆకలేసీది," అన్నాడు యుగంధర్.

నువ్వు చెప్పి ఉంటే, అన్న మాట మాత్రం అతను అనలేదు. అనేస్తే బాగుండునని దుర్గకి అనిపించింది.

ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళింది. గురమ్మ కళ్ళు తెరిచి చేత్తో నేలకి ఇంత ఎత్తు అన్నట్టు చూపించింది. పిల్ల.

"బాగుందత్తా. దానికేం కాలేదు."

గురమ్మ కళ్ళు మూసుకుంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేనని దుర్గకి తెలుసు.

"అత్తా, అది సేమ కాదని నాకు తెలుసు. తినకూడదని నర్సరీ ఆయన సెప్పేడు. నువ్వు కొననివ్వవని నేనే దాచేను."

గురమ్మ మళ్ళీ కళ్ళు తెరిచింది. కోడలి వైపు చూసింది. పెదవులు కదపబోయింది, మాట రాలేదు. తిట్టాలన్నా, పోనీలే అనాలన్నా ఆ నాలుక తగ్గాలి. అసలు తగ్గుతుందో లేదో. దుర్గ స్టూలు మంచం దగ్గరకి లాక్కుని, ఆ మొహంలోకే చూస్తూ కూర్చుంది. పొద్దుట్నుంచీ కడుపులో పడింది గుక్కెడు సూపు, అయినా ఆకలి మాత్రం వెయ్యలేదు.