బయటివైపు ముడి

"పాదం చాపండి. మడమ నొక్కండి. ఇక రెండోది."

పొద్దుటి నుంచి రోసెందో ఓయార్సో నోట ఈ మూడు మాటలే వస్తున్నాయి. తల ఎత్తి చూడడు. బల్ల మీద వరసగా కూచున్నవాళ్ల ముఖాలతో అతనికి పనిలేదు, బూట్లతోనే పని. బూటు కింద పది ముళ్ల ఇనుప చట్రం పెడతాడు. మడమ దగ్గరి వలయంలోంచి పట్టీ లాగి, వేళ్ల మీదుగా అడ్డంగా తిప్పి, చీలమండకి బయటివైపు బిగిస్తాడు. మిగిలిన కొసని పైనుంచి కిందికి రెండుసార్లు దోపి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కుతాడు. కొస లోపలివైపు ఉంటే రెండో కాలి ముళ్లు దాన్ని పట్టుకుంటాయి. మనిషి బోర్లా పడతాడు. వాలు మంచు మీద బోర్లా పడ్డవాడు ఎక్కడ ఆగుతాడో చెప్పలేం.

చెక్కబల్ల, దాని వెనక రేకుల గది. ఎదురుగా యాభై అడుగుల దూరంలో మంచు మొదలవుతుంది. మొదట బూడిదరంగు మురికి, ఆ పైన తెలుపు, పగుళ్లలో నీలం. సరస్సు అవతలి నుంచి పడవలో ఇరవైమంది వస్తారు, ముళ్లు కట్టించుకుని మంచెక్కుతారు, గంటన్నరకి దిగి వస్తారు. కట్టేదీ విప్పేదీ రోసెందోయే. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని.

మోకాళ్ల కింద గొర్రెతోలు వేసుకుంటాడు. అది తను ఆఖరుసారి ఉన్ని కత్తిరించిన మందలోది. పదహారో ఏట చిలోయే దీవి నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చి, ఈ పాతగోనియా గాలిలో ఇరవయ్యారేళ్లు గొర్రెల మీద వంగాడు. మూడు కాళ్లు కట్టడం, ఉన్ని తీయడం, వదలడం. ఉన్నికి గిరాకీ పడిపోయాక వంగడం మాని మోకరిల్లడం నేర్చుకున్నాడు. అప్పుడు గొర్రెల కాళ్లు, ఇప్పుడు మనుషుల కాళ్లు. గొర్రెలైతే ఫొటోలు అడిగేవి కావని అతనంటే గ్రిసెల్దా పడీపడీ నవ్వుతుంది.

గ్రిసెల్దా మంచు మీదికి జనాన్ని నడిపించే మనిషి. నలభై ఏళ్లుంటాయి, గొంతు పెద్దది. ముడి వేయడం రోసెందో దగ్గరే నేర్చుకుంది. ఎడమచేతి వాటం కావడంతో ఎంత చెప్పినా కొసని కిందినుంచి పైకే దోపుతుంది.

"బిగిసిందా లేదా మామా? అది చెప్పు."

"బిగిసింది. కానీ చూడ్డానికి తలకిందులుగా ఉంది."

"నువ్వే తలకిందులుగా చూస్తున్నావేమో."

రెండో పడవ జనంలో ఎర్రబూట్ల ముసలామె ఒకతె ఉంది. కుడి బూటుకి ఎర్ర తాడు తెగినట్టుంది, పచ్చది వేసుకుంది. కోర్దోబా నుంచి వచ్చిందట, పంతులమ్మగా చేసి మానేసిందట. అతను అడక్కుండానే చెప్పింది.

"నా కాళ్ల దగ్గర ఒక మగాడు మోకరిల్లడం ఇదే మొదటిసారి నాయనా. మా ఆయన పెళ్లాడమని అడిగినప్పుడు కూడా నిలబడే అడిగాడు."

"ఆయనకి మోకాళ్ల నొప్పులేమోనమ్మా."

"కాదు, పొగరు." ఆమె నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "జారితే మాత్రం మా పిల్లలు నన్నింక గుమ్మం దాటనివ్వరు."

"జారరు. బాతులాగా కాళ్లు ఎడం పెట్టి నడవండి. గట్టిగా తొక్కండి."

ఎడమకాలు అయింది. కుడికాలు పట్టీ వలయంలో దూర్చేసరికి చెయ్యి మొదలుపెట్టింది. చలికాలం నుంచీ ఇంతే. ముందు బొటనవేలు అదురుతుంది, ఆ తర్వాత మణికట్టు దాకా పాకుతుంది. ఇంట్లో చొక్కా గుండీలు భార్య ఓర్ఫెలీనా పెడుతోంది. ఎందుకని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. చెయ్యిని తొడల మధ్య పెట్టి అదిమాడు. "మామా, కానీయ్! గాలి లేస్తోంది!" అని గ్రిసెల్దా కేక వేసింది. గబగబా లాగాడు, దోపాడు, నొక్కాడు. ముసలామె లేచి టకటకమంటూ వెళ్లిపోయింది.

రోసెందో బల్ల మీద కూచుని గొట్టంతో మాతే ఆకు టీ పీల్చాడు. ఓర్ఫెలీనా మూటగట్టిన వేపుడు రొట్టె విప్పాడు. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాక నమలడం ఆపాడు.

ఎడమకాలు గుర్తుంది. కుడికాలు గుర్తులేదు. కట్టినట్టు గుర్తుంది, ఎటు కట్టాడో లేదు. ఎర్రబూటూ పచ్చతాడూ కళ్ల ముందు నిలిచాయి. దాని పక్కన బకిల్ మెరిసింది. పక్కన అంటే ఎటు? రెండో బూటు వైపా? ఖాళీ గాలిలో చేతులతో మళ్లీ కట్టి చూశాడు. ఒకసారి బయటికి వచ్చింది. ఒకసారి లోపలికి వచ్చింది.

మంచు మీద ఇరవై చుక్కలు ఒక వరసలో పైకి పాకుతున్నాయి. ఇంకో పావుగంటలో, కరిగిన నీళ్లు నిలిచే నీలం గుంట దగ్గరికి చేరతారు. అక్కడ పక్కవాటుగా దిగాలి, కాలు కాలిని రాసుకుంటూ దిగాలి.

రేడియో ఉన్నది రేకుల గదిలో, అజమాయిషీ చేసే అరంగురేన్ బల్ల మీద. పోయిన వారం రోసెందో చేతిలో మాతే ఒలకడం అరంగురేన్ చూశాడు. తుడుచుకోమని గుడ్డ ఇచ్చి మరీ అన్నాడు: "ఒక్క ముడి తప్పిందంటే ఇంట్లో కూచోవాలి దోన్ రోసెందో. నాకూ పైవాళ్లున్నారు." ఈ వేసవి, వచ్చే వేసవి గడిస్తే పింఛను వస్తుంది. అంతవరకు ఎలాగో నెట్టుకురావాలని ఓర్ఫెలీనా గుండీలు పెడుతోంది.

రొట్టె మళ్లీ మూటగట్టాడు. లేచి గది తలుపు తోశాడు.

"గ్రిసెల్దాకి ఒక మాట చెప్పాలి."

"ఏం మాట?" అరంగురేన్ కాగితాల మీంచి తల ఎత్తలేదు.

"ఎర్రబూట్ల ముసలమ్మ, కుడికాలు. పట్టీ లోపలికి కట్టానేమో. గుంట దిగకముందే చూడమనండి."

అరంగురేన్ అప్పుడు తల ఎత్తాడు. మొదట అతని ముఖం చూశాడు, తర్వాత చేతులు చూశాడు. రోసెందో చేతులు దాచలేదు. అరంగురేన్ రేడియో నొక్కి ఉన్నదున్నట్టు చెప్పాడు.

అవతల గాలి హోరు. ఎవరో నవ్వారు. గాలి ఆగలేదు. రోసెందో గోడ మీది క్యాలెండరులో గుర్రం బొమ్మ చూస్తూ నిలబడ్డాడు. గుర్రానికి ఒక చెవి చిరిగి ఉంది.

"చూశాను," అంది గ్రిసెల్దా గొంతు. "బయటికే ఉంది, బ్రహ్మాండంగా ఉంది. మామ ముడి విప్పాలంటే గొడ్డలి తేవాలి. ఉంటాను."

అరంగురేన్ ఊపిరి వదిలాడు. "హడలగొట్టేశావు కదయ్యా. వెళ్లు, వెళ్లి టీ తాగు."

వాళ్లు దిగేసరికి గాలి ముదిరింది. ముసలామె దూరం నుంచే చేతులు ఊపుతూ వచ్చింది. "పడలేదు నాయనా! బాతునే ఓడించాను!" అంటూ బల్ల మీద కూలబడి కాళ్లు చాపింది. రోసెందో గొర్రెతోలు మీద మోకరిల్లాడు. ఎడమకాలు విప్పాడు. ముడి తనదే. కుడికాలు దగ్గరికి వచ్చాడు.

బకిల్ బయటివైపే ఉంది. కొస మాత్రం కిందినుంచి పైకి దోపి ఉంది.

చాలాసేపు విప్పలేదు. ముసలామె అతని నెత్తి మీదుగా ఎవరితోనో నీలం నీళ్ల సంగతి చెబుతోంది. గ్రిసెల్దా నాలుగడుగుల అవతల నిలబడి, కర్రతో తన ముళ్ల మధ్య ఇరుక్కున్న మంచు కొట్టుకుంటోంది. మంచు రాలిపోయాక కూడా కొడుతూనే ఉంది.

"ముడి బాగుంది," అన్నాడు రోసెందో, తల ఎత్తకుండానే.

"నువ్వు నేర్పిందేగా మామా."

అతను ఆ ముడి మెల్లగా విప్పాడు. మిగతా పంతొమ్మిది మందివీ విప్పాడు. ముళ్లు కడిగి, జతలు జతలుగా కొక్కేలకి తగిలించాడు. మూడో పడవ రావడానికి ఇంకా అరగంట ఉంది. గదిలోకి వెళ్లాడు.

"వచ్చే పడవవాళ్లకి గ్రిసెల్దా చేత కట్టించండి. రేపటి నుంచి నేను రాను."

"అదేమిటి? ముడి సరిగ్గానే ఉందందిగా?"

"ఉంది."

"మరి?"

"మోకాళ్లు," అన్నాడు రోసెందో. "ఇంక లేవనంటున్నాయి."

అరంగురేన్ కలం మూత పెట్టాడు, తీశాడు. "సరే," అన్నాడు. "లెక్క తేల్చి శనివారం ఇంటికి పంపిస్తాను."

రెండో పడవ వెనక్కి వెళ్తుంటే రోసెందో జనంతోపాటే ఎక్కాడు. ముసలామె పక్కకి జరిగి చోటిచ్చి, సంచిలోంచి చాక్లెట్టు తీసి అతనికి పెట్టింది. కాగితం విప్పడానికి చెయ్యి సహకరించలేదు. ఆమె చూసి, తనే విప్పి ఇచ్చింది. నీళ్ల మీద పడవ తిరిగింది. గ్రిసెల్దా ఒడ్డున నిలబడి ఏదో అరిచింది గాని గాలికి వినపడలేదు. చేత్తో బల్ల వైపు చూపిస్తోంది. అతను తల ఊపాడు, ఉండనీ అన్నట్టు.

మూడో పడవవాళ్లు వచ్చి కూచున్నారు. గ్రిసెల్దా కట్టడానికి బల్ల ముందుకి వచ్చి, ఒక్క క్షణం ఆగి, పక్కగా చలినేల మీదే మోకరిల్లింది. బల్ల ముందు గొర్రెతోలు పరిచింది పరిచినట్టే ఉంది. చుట్టూ ఉన్ని గాలికి లేస్తోంది. మధ్యలో రెండు మోకాళ్ల గుంటలు, పంతొమ్మిదేళ్లుగా అణిగినవి, అలాగే నున్నగా ఉన్నాయి.