పసుపు కింద అతుకు

మంచి గడియ, మంచి గడియ అని చచ్చినారు గానీ, బండి సూసేవాడు వచ్చిందాకా ఆగుదామనుకున్నోడు ఒక్కడూ లేడు!

నేను మునిచంద్ర, వడమాలపేట. శ్రీ సిటీలో పద్నాలుగేండ్లు వెల్డింగ్ చేసినాను. నా చెల్లెలు కోమలి మొగుడు రఘునాథ్ క్యాంపర్ ట్రైలర్ కొంటాడంట. అదే, కారు వెనక తగిలించుకోని పొయ్యే ఇల్లు. మంచం, పొయ్యి అన్నీ లోపలే. ముందు పెండ్లాంబిడ్డను దాంట్లో కూసోబెట్టి తలకోన కొండదోవన తిప్పుకోనొస్తాడంట. లాగే బండిలో మనుషుల్ని ఎక్కించకూడదబ్బా అంటే ఇంటే గదా.

ఏర్పేడు దగ్గర భానుచందర్ షెడ్డులో తయారైన బండి అది. దాన్ని సూసేదానికి నేను పొయ్యేసరికి పూజ అయిపోయింది. నాకు ఒళ్లు మండింది.

అయినా చుట్టూ తిరిగి సూసినాను. గోడ నొక్కితే లొంగలా. టైర్లు కొత్తవి, ఇరుసు గట్టిది. బండిని లాగే కడ్డీ చట్రానికి అతికిన చోట మాత్రం మందంగా పసుపు, పైన కుంకుమ. బరువంతా పడేది ఆ అతుకు మీదనే. అయస్కాంతం తీసి కడ్డీ మీద పెడితే టక్కున పట్టుకునింది. అతుకు అంచున రంగు మీద పెడితే జారి కిందపడింది.

"లోపల ఇనుము కాదు, పుట్టీ మెత్తినారు. పసుపు తుడిసి సూడాల," అన్నాను.

"పూజ చేసిన పసుపు తుడస్తావా బావా? ఈ పొద్దే ప్రయాణం పెట్టుకోని!" అని రఘునాథ్ అడ్డమొచ్చినాడు.

"ఎవురు పూసినారు ఇంత మందాన?"

"నేనే అన్నా," అనింది కోమలి. "ఆడ బాగా మెత్తమ్మా, దిష్టి తగలదు అని ఈ షెడ్డాయనే చెప్పినాడు."

భానుచందర్ మొగం తిప్పుకున్నాడు. నేను పక్కన పడుండే సమ్మెట అందుకున్నాను.

రఘునాథ్ వెనకనుంచి నన్ను పట్టుకున్నాడు. మోచేత్తో పొడిస్తే వాని ముక్కు పగిలింది, అయినా వదల్లా. భానుచందర్ ఇనుప పైపుతో వచ్చినాడు. ఒక దెబ్బ నెత్తిన. ఇంకోటి కుడి మణికట్టు మీద. ఎముక ఇరిగింది నాకే ఇనపడింది. కిందపడినాక కూడా కడుపులో తన్నినాడు. నా చెల్లెలి మొగుడు నా రెక్కలు పట్టుకోనే ఉన్నాడు. నొప్పి కంటే దానికే నాకు ఏడుపొచ్చింది.

కోమలి సమ్మెట ఎత్తింది.

"వద్దు మే, అపశకునం!" అని మొగుడు అరిసినాడు.

ఆమె పసుపు మీదనే కొట్టింది. మొదటి దెబ్బకి పుట్టీ పెచ్చులు లేసింది. రెండో దెబ్బకి కడ్డీ ఊడి, బండి ముందుభాగం దబ్బున నేలకు కొట్టుకునింది. లోపల వెల్డింగ్ రెండే చోట్ల, బొట్టంత.

"సమ్మెటతో కొడితే ఏదైనా ఇరుగుతాదమ్మా," అన్నాడు భానుచందర్.

కోమలి సమ్మెటతో వాని మీదికి పోయింది. వాడు పైపు పడేసి షెడ్డులోకి ఉరికినాడు. అప్పుడు వదిలినాడు రఘునాథ్ నన్ను.

"నాకేం తెలుసు కోమలీ..."

"కొండదోవలో దీంట్లో నా బిడ్డ ఉండేది. నువ్వు పట్టుకునింది ఎవుర్నిరా?" మొగుణ్ణి 'రా' అనడం ఆ పొద్దే ఇన్నాను. "అన్నా, పాపను పిలుసుకో. మనింటికి పోదాం."

షెడ్డు గోడకి ఆనుకోని నాలుగేండ్ల పవిత్ర నిలబడుండాది. లేసి, ఎడమచేయి చాచి, "రా తల్లీ," అన్నాను.

నెత్తినుంచి కారే నా రక్తం సూసి బిడ్డ కెవ్వుమని ఉరికింది. పొయ్యి వాళ్ల నాయన కాళ్లు కరుసుకునింది.