వేడి గుక్క

టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగం ఆయనది. అందరూ నాలుక మాస్టారంటారు. పొగలు కక్కే టీని చెంచాతో జుర్రున పీల్చి, నోరంతా తిప్పి, తొట్టిలో ఉమ్మేసి, ఇది పనికొస్తుంది, అది రాదు అని తేల్చడమే పని. చల్లారితే టీలో లోపం దాక్కుంటుంది కాబట్టి వేడిగానే పీల్చాలి. అలాంటి నోట్లో కింది దవడ పన్నుకు తొడుగు వేయించుకున్నాక మొదలైంది ఆయన ఖర్మ. వేడి తగిలితే చాలు, పన్నులోంచి చెవిదాకా సలుపు. ఒళ్లంతా చెమటపట్టి కళ్లు బైర్లు కమ్మేవి.

ఎవరికి చెప్పుకుంటాడు పాపం? పన్ను నొప్పంటే లోకానికి లోకువే. భార్య మొదట్లో జాలిపడింది, తర్వాత లవంగం పెట్టుకోమంది, ఆ తర్వాత వినడమే మానేసింది. ఆయనేమో ఎవరూ చూడనప్పుడు టీ చల్లారనిచ్చి, దేవుడి మీద భారం వేసి తీర్పులు చెప్పేవాడు. చివరికి మాడు వాసన కొట్టే సరుకును భేషుగ్గా ఉందన్నాడు. కొన్నవాళ్లు దాన్ని తిప్పి పంపారు. రేపు తన ఎదురుగా రుచి చూడాలని, తీర్పు తప్పితే గోడౌన్‌లో పెట్టెలు సర్దుకోవాలని మేనేజరు తెగేసి చెప్పాడు. రుచి చెప్పడం తప్ప ఆయనకు ఇంకో పని రాదు.

సాయంత్రం పళ్ల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

"పీకెయ్యండమ్మా. మీకు దండం పెడతా."

ఆవిడ నీలం కాగితం కొరికించి చూసింది. తొడుగు ఇసుమంత ఎత్తుగా ఉంది. నమిలినప్పుడల్లా దెబ్బంతా ఆ పన్ను మీదే పడి, లోపలి నరం వేడికి ఓర్చుకోలేకపోతోంది.

"తొడుగు వేసిన రోజే అడిగాను కదండీ, ఎత్తుగా ఉందా అని. మీరు సరిగ్గా ఉందన్నారు."

అన్నాడు మరి. మత్తు ఇంజెక్షన్‌కి దవడ కొయ్యబారి ఏమీ తెలియకపోయినా అన్నాడు. అడిగిందే తడవుగా తీర్పు చెప్పడం అలవాటైన నోరు, తెలియడం లేదనడం దానికి చేతకాదు. తనను తానే చెప్పుచ్చుకు కొట్టుకోవాలనిపించింది.

ఆవిడ తొడుగు అరగదీసి, నరం శాంతించడానికి వారాలు పడుతుందంది. రేపు పొద్దున మత్తయినా ఇవ్వమని బతిమాలాడు. నాలుక కూడా మొద్దుబారుతుంది, మీ ఇష్టం అంది. మత్తు వద్దని లేచొచ్చేశాడు.

మర్నాడు బల్ల మీద కప్పులు వరసగా పేర్చి ఉన్నాయి. మేనేజరు మొదటిదాంట్లో టీ పోసి, పక్కనే కుర్చీ వేసుకున్నాడు. మాస్టారు చెంచా ఎత్తి పీల్చాడు. ప్రాణం గిలగిల్లాడిపోయింది. బల్ల అంచు పట్టుకుని, కళ్ల నీళ్లు కారుతుంటే టీని నోరంతా తిప్పి ఉమ్మేశాడు.

"మాడింది. కొంచెమే, కానీ మాడింది."

మేనేజరు తనూ ఓ గుక్క తాగి చూశాడు. మొహం విప్పారింది. అనవసరంగా అనుమానపడ్డానని, ఆ కుర్చీ ఎప్పటికీ మాస్టారుదేనని భుజం తట్టాడు. తర్వాత మరుగుతున్న కెటిల్ తెప్పించి మిగతా కప్పులన్నీ తానే నింపాడు.

"చల్లారకముందే కానివ్వండి మాస్టారూ."